నడచువారి కొఱకు వంతెన

వంతెన అనగానే మనకు రైళ్ళు, లారీలు పోవు పెద్ద కట్టడములు జ్ఞప్తికి వచ్చును. వానితో పోల్చినచో, మనుష్యులు మాత్రమే నడచిపోవు వంతెనను కట్టుట చిన్న పని యనియు, రైలింజను బరువును మోయించగల ఇంజనీరుకు మనుష్యుని బరువు ఒక లెక్కలోనిది కాదనియు తోచును. కాని అనుభవము ఇందుకు భిన్నముగ నున్నది. రైలు వంతెన మిక్కిలి బరువైనది. దానిపై పోవు బండి పట్టాల వెంటనే పోవును. వంతెన ఒక వెంట్రుకవాసి కదలినను బండికి తెలియదు. కాలినడక వంతెన తేలికయైనది. దానిపై పోవు మనుష్యుడు తనకు తోచినచోట నిలుచును. వంగి నీటిని చూచును. నలుగురితో గుంపుగా చేరును. అన్నిటికంటె ముఖ్యముగ, కాలి క్రింద నేల కదలిన తత్‌క్షణమే అతడు దానిని గుర్తించి, పడిపోకుండుటకై తన నడకను మార్చుకొనును.

కావున కాలినడక వంతెనను నిర్మించువాడు మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పవలసి యున్నది. వంతెన బరువును మోయునా? ఆ చోటికి తగియుండునా? నడచువాని కాలికి తగియుండునా? మొదటి ప్రశ్న చాల పాతది. రెండవదానిని శిల్పులును, నగర నిర్మాతలును ఎంతో కాలమునుండి ఆలోచించుచున్నారు. మూడవది ఎంత కఠినమైనదో లోకమునకు స్పష్టముగ తెలిసినది 2000 సంవత్సరమున, లండను నగరములో. ఆ వంతెన చరిత్రను తెలిసికొన్నచో, మనము తరగతిగదులలో చెప్పుకొను అనునాద పాఠమును కూడ కొంత సవరించుకొనవలసి వచ్చును.

సైనికుల కథ

అనునాదమును బోధించునపుడు ఉపాధ్యాయులు తఱచుగ ఒక ఉదాహరణమును ఇత్తురు. సైనికులు ఒకే అడుగుగ కవాతు చేయుచు వంతెనను దాటరాదు. వారి అడుగుల పౌనఃపున్యము వంతెన యొక్క సహజ పౌనఃపున్యముతో ఏకీభవించినచో ఊపు క్రమముగ పెరిగి వంతెన కూలిపోవును. ఈ ఉదాహరణమునకు ఆధారమైన సంఘటన 1831 ఏప్రిల్ 12వ తేదీన ఇంగ్లండులో జరిగినది. మాంచెస్టరు సమీపమున ఇర్వెల్ నదిపై నున్న బ్రాటన్ వ్రేలాడు వంతెనపై 74 మంది సైనికులు నలుగురేసి వరుసలుగ నడచుచుండిరి. వంతెన తమ అడుగులకు తాళముగ లేచి పడుట వారికి వినోదముగ తోచెను. అంతలో ఒక ప్రక్కనున్న గొలుసును పట్టియుంచు భాగము తెగి, దాదాపు 40 మంది నీటిలో పడిరి. సుమారు 20 మంది గాయపడిరి. అదృష్టవశమున ఎవరును మరణింపలేదు. అటు తరువాత బ్రిటిష్ సైన్యములో వంతెనలపై అడుగు కలుపక నడువవలెనను ఆజ్ఞ వెలువడినది. కాని విచారణలో మఱియొక సంగతి కూడ తేలినది. గొలుసును బంధించిన మేకు రూపకల్పనలోను, పనితనములోను దోషముండెను. అడుగుల ఊపు ఆ దోషమును బయటపెట్టినది.

పందొమ్మిది సంవత్సరముల తరువాత, 1850 ఏప్రిల్ 16వ తేదీన, ఫ్రాన్సు దేశములోని ఆంజే పట్టణమున మేన్ నదిపై నున్న వ్రేలాడు వంతెన సైనికులతో సహా కూలిపోయినది. మరణించినవారు 220 మందికి పైగా నుండిరి. ఆనాడు గాలివాన వీచుచుండెను. ఇక్కడ విశేషమేమన, అడుగు కలుపక దూరదూరముగ నడువుడని ఆ సైనికులకు ముందుగనే ఆజ్ఞ యీయబడినది. వారును అట్లే వంతెనపై ప్రవేశించిరి. కాని గాలికి వంతెన ప్రక్కలకు ఊగుచుండుటచే, వారు పడిపోకుండుటకై కాళ్ళను ఎడముగ పెట్టి, ఊపును అనుసరించి నడువసాగిరి. ఆజ్ఞ ఒకటి, కాళ్ళు చేసిన పని మఱియొకటి. తరువాత పరీక్షింపగ, భూమిలో పాతిన ఇనుప తీగెలు తుప్పుపట్టి యున్నట్లు కనబడినది.

ఈ రెండు ఘటనలనుండి పాఠ్యపుస్తకములు గ్రహించినది “అడుగు కలుపరాదు” అను ఒక్క మాట. ఆంజే వంతెన చూపిన సూక్ష్మవిషయము మఱుగున పడినది. అడుగు కలుపుడని ఎవరును చెప్పకున్నను, కదలుచున్న నేలయే నడచువాని కాళ్ళకు తాళము నేర్పగలదు.

థేమ్సు నదిపై క్రొత్త వంతెన

ఇక లండను నగరమునకు పోవుదము. థేమ్సు నదికి ఉత్తరపు ఒడ్డున క్రిస్టఫర్ రెన్ నిర్మించిన సెయింట్ పాల్ ప్రార్థనామందిరము కలదు. దాని గుమ్మటము ఆ నగరమునకు గురుతు. ఆ గుమ్మటము కనబడకుండ చుట్టుప్రక్కల ఎత్తైన కట్టడములు లేవరాదని 1930ల చివరినుండియే కట్టుబాటు కలదు. దానికి ఎదురుగ, దక్షిణపు ఒడ్డున, బాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రము ఉండెడిది. అది 1981లో మూతపడెను. ఆ పెద్ద ఇటుకల కట్టడమును చిత్రకళా ప్రదర్శనశాలగ మార్చి 2000 మే నెలలో తెఱచిరి. ఈ రెండింటిని కలుపుచు, వాహనములు లేక, నడచువారికి మాత్రమే ఒక వంతెన కావలెనని 1996లో పోటీ ఏర్పాటు చేయబడినది. ఆరప్ ఇంజనీరింగు సంస్థ, నార్మన్ ఫాస్టర్ అను వాస్తుశిల్పి, ఆంథొనీ కారో అను శిల్పి కలసి సమర్పించిన నమూనా ఎన్నికైనది. 1894లో టవర్ వంతెన తెఱవబడిన తరువాత, మధ్య లండనులో థేమ్సుపై ఒక క్రొత్త తావున వంతెన లేచుట ఇదియే మొదటిసారి.

తావు విధించిన షరతులు ఎట్టివో చూడుడు. వంతెనపై నడచువానికి గుమ్మటము ఎదుట నిండుగ కనబడవలెను. నదిలో పోవు పడవలకు క్రింద చాలినంత ఎత్తు విడువవలెను. ఒడ్డున భూమి ఇరుకైనది. మామూలు వ్రేలాడు వంతెనలో రెండు ఎత్తైన స్తంభములు నిలిపి, వానిమీదుగ మోకులను లోతుగ వ్రేలాడదీసి, ఆ మోకులనుండి బాటను కట్టుదురు. అటువంటి స్తంభములు ఇచట నిలిపినచో, గుమ్మటమునకు అడ్డము వచ్చును. కావున నిర్మాతలు స్తంభములను పొట్టిగ చేసి, మోకులను బాటకు ఇరుప్రక్కల, ఇంచుమించు బాట మట్టముననే, మిక్కిలి బిగువుగ సాగదీసిరి. వంతెన నిడివి సుమారు 325 మీటర్లు. మూడు భాగములలో మధ్యది 144 మీటర్లు, దక్షిణమున నున్నది 108 మీటర్లు, ఉత్తరమున నున్నది 81 మీటర్లు. ప్రక్కకు నాలుగు చొప్పున ఎనిమిది ఉక్కు మోకులు, ఒక్కొక్కటి 120 మిల్లీమీటర్ల లావు. అల్యూమినియము పలకల బాట వెడల్పు 4 మీటర్లు. మధ్య భాగములో మోకుల దిగుడు 2.3 మీటర్లు మాత్రమే.

ఈ చిన్న దిగుడుకు చెల్లింపవలసిన మూల్యమేమో విద్యార్థులు తామే లెక్కకట్టవచ్చును. బట్టలారవేయు తాడును తలచుకొనుడు. తాడు వదులుగ వ్రేలాడినచో గోడలోని మేకుపై లాగుడు తక్కువ. అదే తాడును నిటారుగ బిగింపగోరినచో మేకు ఊడివచ్చునంతటి బలము కావలెను. లెక్క యిది: మోకులోని లాగుడు = మీటరుకు బరువు × నిడివి × నిడివి ÷ (8 × దిగుడు). ఈ వంతెన సొంత బరువు మీటరుకు సుమారు 2 టన్నులు. నిడివి 144, దిగుడు 2.3 అని తీసికొన్నచో లాగుడు సుమారు 2,250 టన్నుల బరువుకు సమానమగును. నిడివిలో పదియవ వంతు, అనగా 14.4 మీటర్లు, దిగుడుగ విడిచిన మామూలు వంతెనలో ఇది 360 టన్నులు మాత్రమే. ఆరు రెట్లకు మించిన ఈ లాగుడును ఇరుగట్లలోని లోతైన పునాదులు భరించుచున్నవి. చోటికి తగిన రూపము కావలెనన్న, దాని వెల ఎక్కడనో ఒకచోట చెల్లింపక తప్పదు. ఇచట ఆ వెల కంటికి కనబడక నేలలోనికి పోయినది.

ప్రారంభదినము

2000 జూన్ 10వ తేదీన వంతెన ప్రజలకు తెఱవబడెను. ఆనాడు 80,000 మొదలు 1,00,000 మంది వఱకు దానిపై నడచిరని అంచనా. ఒకే సమయమున అత్యధికముగ సుమారు 2,000 మంది దానిపై నుండిరి. బరువు విషయములో ఇబ్బంది ఏమియు లేదు. వంతెన అంతకంటె ఎక్కువ బరువునకు లెక్కకట్టబడినది. కాని జనము పెరిగినకొలది వంతెన ప్రక్కలకు ఊగసాగినది. దక్షిణ భాగము సెకనుకు 0.8 సారి, మధ్య భాగము సెకనుకు సుమారు 0.5 సారి, మఱియు సుమారు ఒకసారి చొప్పున ఊగినవి. ఊపు మధ్యరేఖకు ఇటునటు 70 మిల్లీమీటర్ల వఱకు పోయినది. జనులు నడువలేక నిలిచిపోయిరి. కొందఱు ప్రక్కనున్న కమ్ములను పట్టుకొనిరి. నిలిచినపుడు ఊపు తగ్గెను. నడువ మొదలిడగానే మఱల పెరిగెను. ఎక్కువారి సంఖ్యను పరిమితము చేసి చూచినను తృప్తి కలుగక, జూన్ 12వ తేదీన వంతెనను మూసివేసిరి.

వార్తాపత్రికలలో రెండు వ్యాఖ్యానములు ప్రబలినవి. జనులు అడుగు కలిపి నడచుటచే ఇట్లు జరిగినదని కొందఱు. వాస్తుశిల్పి అందము కొఱకు వంతెనను మితిమీరి పలుచగ చేయుటచే జరిగినదని మఱికొందఱు. ఈ రెండును సత్యమునకు దూరమే. భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన బ్రయన్ జోసెఫ్‌సన్ వంతెన మూతపడిన రెండు దినములకే ఒక పత్రికకు లేఖ వ్రాసెను. సమస్య అడుగు కలుపుటలో లేదనియు, కదలు నేలపై నిలదొక్కుకొనుటకు జనులు చేయు ప్రయత్నములోనే యున్నదనియు ఆయన సూచించెను. రెండు దశాబ్దముల పరిశోధన చివరకు చేరినది కూడ ఇంచుమించు అదే చోటికి.

పాదము చేయు పని

తడికాళ్ళతో పొడినేలపై తిన్నగ పది అడుగులు నడచి, గుర్తులను చూడుడు. ఎడమపాదపు గుర్తులు ఒక గీతకు ఎడమప్రక్కను, కుడిపాదపు గుర్తులు కుడిప్రక్కను వరుసగ పడియుండును. మనము ముందునకు పోవుచునే ప్రతి అడుగుకు శరీరపు బరువును ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు మార్చుచున్నాము. ఎడమకాలు నేలను ఎడమకును, కుడికాలు కుడికిని కొంచెము నెట్టును. మామూలు నడకలో సెకనుకు సుమారు రెండడుగులు పడును. కాబట్టి నేలపై నిలువుగ కలుగు త్రొక్కుడు సెకనుకు రెండుసార్లు. ప్రక్కకు కలుగు నెట్టుడు మాత్రము రెండడుగులకు ఒకసారి పునరావృత్తమగును గనుక సెకనుకు ఒకసారి. నిలువు బలములోని హెచ్చుతగ్గు సుమారు 250 న్యూటనులు. ప్రక్క బలము అందులో పదియవ వంతు, అనగా 25 న్యూటనులు. ఇంత చిన్నదగుటచేతనే ఆనాటి నిర్మాణ నిబంధనలు నిలువు కదలికను పట్టించుకొన్నంతగ ప్రక్క కదలికను పట్టించుకొనలేదు.

అంతేకాదు. వేర్వేరుగ నడచువారి నెట్టుడులు ఒకదానినొకటి చాలవఱకు రద్దుచేసికొనును. ఒకడు ఎడమకు నెట్టు క్షణమున మఱియొకడు కుడికి నెట్టును. గణితశాస్త్రము ప్రకారము అట్టి 2,000 మంది కలసి కలిగించు బలము 2,000 రెట్లు కాక, దాని వర్గమూలమగు 45 రెట్లు మాత్రమే యుండును. 45 మంది బలము అంత బరువైన వంతెనను ఊపజాలదు. మఱి ఊపు ఎక్కడనుండి వచ్చెను?

కారణము కనుగొనుటకు ఆరప్ ఇంజనీర్లు వంతెనపైననే పరీక్షలు జరిపిరి. మనుష్యులను కొలది కొలదిగ పెంచుచు నడిపించి, ఊపును కొలిచిరి. ఉత్తర భాగముపై సుమారు 160 మంది నడచువఱకు చెప్పుకోదగిన కదలిక లేదు. మఱి కొద్దిమంది చేరగనే ఊపు ఒక్కసారిగ పెరుగ మొదలిడినది. ఈ కొలతలనుండి వారు గ్రహించిన నియమము సరళమైనది. నేల ప్రక్కకు కదలినపుడు, నడచువాని పాదము సగటున ఆ కదలిక దిశలోనే మఱికొంత నెట్టును. ఆ నెట్టుడు నేల కదలు వేగమునకు అనులోమానుపాతములో నుండును. వేగము సెకనుకు ఒక మీటరుకు సుమారు 300 న్యూటనుల చొప్పున ఆ బలమును లెక్కింపవచ్చును. వేగము సెకనుకు 10 సెంటీమీటర్లైనచో ఒక్కొక్కని బలము 30 న్యూటనులు.

ఉయ్యాలను ఊపువారు ఈ విషయమును బాగుగ ఎఱుగుదురు. ఉయ్యాల పోవు దిశలో నెట్టినచో చిన్న నెట్టుడు చాలును. వంతెనపై నున్న ప్రతివాడును తెలియకయే ఆ పని చేసెను.

పదిమంది చేరుటతోనే ఊపు ఏల హఠాత్తుగ పెరిగినది? అప్పులెక్కతో దీనిని సులభముగ బోధింపవచ్చును. వంతెనలోని ఊపు అసలు అనుకొందము. నడచు ప్రతివాడును దానిపై ఇంత వడ్డీ చేర్చును. వంతెనలోని రాపిడి ప్రతి ఊపుకును ఇంత చొప్పున ఆ బాకీని తీర్చుచుండును. తీరుబడి రేటు వడ్డీ రేటుకంటె ఎక్కువగ నున్నంతవఱకు చిన్న ఊపు పుట్టినను అణగిపోవును. మనుష్యుల సంఖ్య పెరిగి వడ్డీ రేటు తీరుబడిని దాటిన మఱుక్షణమునుండి బాకీ చక్రవడ్డీవలె పెరుగును. ఆ సరిహద్దు సంఖ్య వంతెన బరువును, దాని పౌనఃపున్యమును, దానిలోని రాపిడిని అనుసరించి యుండును. నడచువాడు వంతెనపై కేవలము బరువు కాదు. వంతెన యొక్క యంత్రములో ఒక భాగము.

ఇచట గమనింపదగిన అంశము మఱియొకటి కలదు. మధ్య భాగము సెకనుకు సుమారు అరసారి చొప్పున ఊగినది. నడచువారి ప్రక్క నెట్టుడు సెకనుకు ఒకసారి. ఈ రెండును సమానములు కావు. అయినను ఊపు పెరిగినది. కావున “అడుగుల పౌనఃపున్యము వంతెన పౌనఃపున్యముతో ఏకీభవించినది” అను పాఠ్యపుస్తకపు వాక్యము ఈ సంఘటనను వివరింపజాలదు. 2005లో స్టీవెన్ స్ట్రోగాట్జ్, ఆయన సహచరులు, మిణుగురు పురుగులు ఒకేసారి వెలిగి ఆరుటను వివరించు గణితము వంటిదానితో, నడచువారు క్రమముగ ఒక తాళమునకు వచ్చుటను చూపిరి. 2021లో ఈగోర్ బెలిఖ్ మొదలగు శాస్త్రజ్ఞులు మఱియొక మెట్టు ముందునకు పోయిరి. తాళము కలియుట ఊపుకు కారణము కానక్కరలేదనియు, ఊపు పెరిగిన పిమ్మట కలుగు ఫలితము కావచ్చుననియు, ఒక్కొక్కడు తన తూకమును కాపాడుకొనుటతోనే ఊపు మొదలగుననియు వారు నిరూపించిరి.

తెలిసియు తెలియని విషయము

ఈ విషయము 2000కు పూర్వము ఎవరికిని తెలియదా? తెలిసినవారు ఉండిరి. 1975లో న్యూజీలండులోని ఆక్లండు హార్బరు వంతెనపై పెద్ద ఊరేగింపు పోవునపుడు ఆ వంతెన ప్రక్కలకు ఊగినది. అది వాహనముల కొఱకు కట్టిన భారీ వంతెన. జపానులో పడవపందెముల క్రీడాస్థలమువద్ద నున్న ఒక కాలినడక వంతెన, పందెములు ముగిసి జనము వెడలునపుడు ఊగుటను ఫుజినో, ఆయన సహచరులు పరిశీలించి 1993లో ప్రకటించిరి. పారిస్ నగరమున సేన్ నదిపై 1999 డిసెంబరులో తెఱచిన సోల్ఫెరీనో కాలినడక వంతెన కూడ ఇట్లే ఊగగా, దానిని మూసి సరిదిద్దవలసివచ్చినది. కాని జపాను పరిశోధన ప్రధానముగ భూకంప నిర్మాణశాస్త్రజ్ఞులు చదువు పత్రికలో వెలువడినది. వంతెనల నిబంధనలను వ్రాయువారి బల్లవఱకు చేరలేదు. విజ్ఞానము పుట్టుట ఒక యెత్తు, అది పనిచేయువాని చేతికి అందుట మఱియొక యెత్తు.

ఈ ఉదాహరణములు రూపమునుగూర్చిన నిందను కూడ తొలగించుచున్నవి. ఆక్లండు వంతెన ఉక్కు దూలముల కట్టడము. జపాను వంతెన స్తంభమునుండి ఏటవాలు మోకులతో నిలిచినది. పారిస్ వంతెన కమాను. ఏ రూపమైనను సరే, ప్రక్కల ఊపు పౌనఃపున్యము సెకనుకు సుమారు 1.3కు లోబడియుండి, చాలినంత జనము నడచినచో ఈ ఆపద రావచ్చునని లండను ఇంజనీర్లు తేల్చిరి.

చికిత్స

సరిదిద్దుటకు మూడు మార్గములు కనబడినవి. మొదటిది, నడచువారి సంఖ్యను తగ్గించుట. నగరము నడిబొడ్డున అది పొసగదు. రెండవది, వంతెనను గట్టిపఱచి పౌనఃపున్యమును పెంచుట. పౌనఃపున్యము గట్టిదనము యొక్క వర్గమూలమును అనుసరించును. కాబట్టి 0.5ను 1.5 చేయవలెనన్న గట్టిదనమును తొమ్మిది రెట్లు చేయవలెను. అందుకు కావలసిన ఉక్కును చేర్చినచో, ఏ చోటికై ఆ పలుచని రూపమును ఎన్నుకొనిరో ఆ ప్రయోజనమే చెడిపోవును. మూడవది, ఊపును అణచు శక్తిని పెంచుట. అనగా మన లెక్కలో తీరుబడి రేటును పెంచుట. దీనినే వారు ఎన్నుకొనిరి.

బాట క్రింద 37 ద్రవ నిరోధకములను అమర్చిరి. ఇవి మోటారు వాహనముల చక్రములవద్ద కుదుపును తగ్గించు గొట్టముల వంటివి. గొట్టములోని చిక్కని ద్రవమును ముషలకము నెట్టవలసి వచ్చుటచే కదలికాశక్తి వేడిగ మారిపోవును. ఇవిగాక 50కి పైగా బరువు నిరోధకములను చేర్చిరి. ఇవి స్ప్రింగులకు కట్టిన ఉక్కు దిమ్మలు. వంతెన ఒకవైపునకు పోవునపుడు దిమ్మ వెనుకబడి ఊపును తన మీదికి తీసికొనును. వీనిలో ఎక్కువ భాగము నిలువు కదలికను అణచుటకు పెట్టినవి. పూర్వము వంతెనలోని సహజమైన అణచుశక్తి నూటికి ఒక వంతుకు లోపుగ నుండెను; ఇపుడది నూటికి 15 మొదలు 20 వఱకు పెరిగినది. 2002 జనవరి చివర సుమారు 2,000 మందిని నడిపించి పరీక్షించి, ఫిబ్రవరి 22వ తేదీన వంతెనను మఱల తెఱచిరి. మొదటి కట్టుబడికి 182 లక్షల పౌండ్లు కాగా, ఈ చికిత్సకు 50 లక్షల పౌండ్లైనవి. నిరోధకములలో చాలవఱకు బాట క్రింద మఱుగున నున్నవి. వంతెన రూపమును, గుమ్మటపు దృశ్యమును చెడలేదు.

ఉపాధ్యాయులు ఈ సూత్రమును తరగతిలో చూపవచ్చును. ఒక మీటరు దారమునకు గుండు కట్టి వ్రేలాడదీయుడు. అది ఒకసారి పోయి వచ్చుటకు సుమారు రెండు సెకనులు పట్టును. అనగా లండను వంతెన మధ్య భాగము ఊగిన పౌనఃపున్యమే. గుండు కదలు దిశలో ప్రతిసారియు వ్రేలితో మెల్లగ తాకినచో ఊపు పెరుగును. పిమ్మట గుండును ఒక వెడల్పైన పళ్ళెములోని నీటిలో మునుగునట్లు చేసి అదే ప్రయత్నము చేయుడు. వ్రేలి బలము అదియే. ఊపు మాత్రము పెరుగదు. నీరు ఇచట ద్రవ నిరోధకము చేయు పనినే చేయుచున్నది.

నింద ఎవరిది?

కాలినడక వంతెనపై ఆపద కలిగినప్పుడెల్ల మొదటి మాటగ నడచువారిమీద నింద వేయుట 1831 నాటినుండియు ఉన్నదే. మన దేశములో 2022 అక్టోబరు 30వ తేదీన గుజరాతులోని మోర్బీ పట్టణమున మచ్చూ నదిపై నున్న వ్రేలాడు వంతెన తెగిపడి 135 మంది మరణించిరి. అది పందొమ్మిదవ శతాబ్దములో కట్టిన కాలినడక వంతెన. మరమ్మతు పిమ్మట తెఱచి నాలుగు దినములే అయినది. కొందఱు యువకులు దానిని ఊపుచుండిరను మాట వెంటనే ప్రచారములోనికి వచ్చినది. కాని ప్రభుత్వము నియమించిన ప్రత్యేక పరిశోధక బృందము ఒక ప్రధాన మోకులోని 49 తీగెలలో 22 తుప్పుపట్టి యున్నవనియు, అవి అంతకు ముందే తెగియుండవచ్చుననియు ప్రాథమిక నివేదికలో తెలిపినది. ఆంజే పట్టణమున 172 సంవత్సరములకు పూర్వము జరిగినదానికి ఇది ఎంత దగ్గరగ నున్నదో పాఠకులే చూడగలరు. మోర్బీ సమస్య లండను సమస్య వంటిది కాదు. అచట చెడినది మొదటి ప్రశ్నకు ఈయవలసిన సమాధానము. లండనులో కొఱవడినది మూడవదానికి. అయినను రెండింటినుండియు తేలునది ఒక్కటే. మనుష్యులు గుంపుగ వత్తురు, పరుగెత్తుదురు, నిలిచి చూతురు, ఊపు కలిగిన తూలుదురు. వంతెన వారి కొఱకే గనుక, వారు ఎట్లుందురో అట్లే లెక్కలోనికి తీసికొనవలెను.

లండను వంతెన తరువాత అనేక దేశములలో కాలినడక వంతెనల నిబంధనలు మారినవి. ప్రక్కల ఊపును ముందుగనే లెక్కించుట, జనసమ్మర్దమును బట్టి సరిహద్దు సంఖ్యను చూచుకొనుట, అవసరమైనచోట నిరోధకములకు మొదటినుండియే చోటు విడుచుట నేడు పరిపాటియైనది. ఒక వేసవి దినమున వేలకొలది జనులు తమకు తెలియకయే చేసిన ప్రయోగమునుండి ఇంజనీర్లు ఇంత నేర్చుకొనిరి. చోటికి తగిన రూపమును విడువక, నడచువాని కాలికి తగిన స్థిరత్వమును సాధింపవచ్చునని ఆ వంతెన నేటికిని థేమ్సుపై నిలిచి చూపుచున్నది. అనునాద పాఠము చెప్పు ఉపాధ్యాయులు సైనికుల కథను చెప్పిన పిమ్మట ఈ కథను కూడ చెప్పుట మంచిది. అడుగు కలుపకున్నను వంతెన ఊగగలదని తెలిసిన విద్యార్థి, రేపు ఇంజనీరైనపుడు, తన లెక్కలో మనుష్యుని కేవలము కిలోగ్రాములుగ వ్రాసికొనడు.